బడి సంచి ఇచ్చాక మిగిలే పని

జూన్ దగ్గరపడితే ఉత్తర చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆరాధన ముగిశాక ఒక బల్ల వేస్తారు. దాని మీద సంచులు, నోటు పుస్తకాలు, జామెట్రీ బాక్సులు. స్త్రీల సమాజం వాళ్లు కానుకల్లోంచి రూపాయి రూపాయి దాచి కొన్నవి. వ్యాసర్పాడి, పులియంతోపు వైపు ఎన్నో ఇళ్లలో తాతలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి పారిశుధ్య పనుల్లో కుదిరినవాళ్లే. జూన్ నెల ఆ తల్లులకు ఎంత బరువో సంఘానికి తెలుసు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. ఆ డబ్బు చేరాల్సిన చోటికి చేరుతోందా అన్నదే నా ప్రశ్న.

తమిళనాడులో సర్కారు బడి పిల్లలకు పుస్తకాలు, నోటు పుస్తకాలు, సంచి, చెప్పులు, బస్ పాస్ ఉచితం. మధ్యాహ్న భోజనం తినే ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఏడాదికి నాలుగు జతల యూనిఫాం. 2022 సెప్టెంబరులో మొదలైన పథకం కింద ప్రాథమిక బడుల్లో ఉదయం టిఫినూ పెడుతున్నారు. కాబట్టి మనం ఇచ్చే సంచి చాలా ఇళ్లలో రెండో సంచి. మొదటిదే అందని పిల్లలు మన కళ్లముందే ఉన్నారు. బేల్దారి పనికి ఊరొదిలి వచ్చిన తల్లిదండ్రులతో ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి మారే పిల్లలు వాళ్లు. పాత బడి టీసీ రాలేదనో, పుట్టినతేదీ కాగితం లేదనో "మళ్లీ రండి" అన్న మాట విని వెనక్కి వచ్చేస్తారు.

చట్టం అలా పంపమనలేదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని సీటు ఆపకూడదు. వయసు రుజువు లేదని కాదనకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. రాష్ట్రం మారి వచ్చినా అంతే. తమిళం చదవలేని తండ్రి ఈ మాట హెడ్‌మాస్టరు ముందు నిలబడి ఎలా అంటాడు? సంఘంలో రిటైరైన టీచర్లున్నారు, గుమాస్తాలున్నారు. వాళ్లలో ఒకరు పూటసేపు వెంట వెళ్తే చాలు. ఖర్చు ఆటో కిరాయి.

చేరాక ఇంకో గడప ఉంది. 2006 చట్టంతో ఒకటో తరగతిలో మొదలైన తప్పనిసరి తమిళం 2015-16కి పదో తరగతికి చేరింది. నాలుగో తరగతి దాకా ఊళ్లో తెలుగు చదివిన పిల్ల ఇక్కడ అక్షరం రానిదానిలా కూర్చుంటుంది. పిల్లల నోట తెలుగు కీర్తన నిలవాలన్న తపన నాకూ ఉంది. అయినా వారం రోజులూ ఖాళీగా ఉండే సండేస్కూలు గదిలో సాయంత్రం ఆ పిల్లకు తమిళం నేర్పించడం మన పనే.

మన పెద్దలకు కష్టంగా ఉండే మాటొకటి చెప్పాలి. ప్రైవేటు బడుల్లో పేదలకు 25 శాతం సీట్ల నియమం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. క్రైస్తవ బడులు ఆ మినహాయింపు పొందుతున్నాయి. హక్కు హక్కే. కానీ కోర్టు అడగకపోయినా ఆ సీట్లు మనంతట మనం ఇవ్వవచ్చు. నూరు సంచులకన్నా అలాంటి ఒక్క సీటు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏది ఇచ్చినా షరతు ఉండకూడదు. సంచి కోసం ప్రసంగం వినమనడం, పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫొటో తీయడం నాకు బాధ కలిగిస్తాయి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం కరువు సాయం ముగిసేదాకా ఆగమన్నాడు. కూడు కోసం వచ్చారన్న అనుమానం ఎవరి మీదా పడకూడదని ఆయన ఉద్దేశం. ఆ తర్వాతే, 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వ్యాసర్పాడి సంఘాల్లోని ఎందరో తాతముత్తాతల ఊళ్లు ఆ కరువు చూసిన ఊళ్లే.

వచ్చే ఏడాది బల్లను ఏప్రిల్‌లోనే వేద్దాం. దాని మీద ముందు ఒక రిజిస్టరు పెడదాం. ఏ బిడ్డ ఏ బడిలో ఉంది, ఏ కాగితం తక్కువైంది, ఎవరు వెంట వెళ్తారు అని పేరుపేరునా రాసుకున్నాక సంచులు ఎన్ని కొనాలో చూద్దాం.