కె కి సత్యమనుకుందాం

గణితానుగమనం, అంటే ఒక సూత్రం ఒకటి, రెండు, మూడు అంటూ అన్ని సంఖ్యలకీ నిజమని నిరూపించే మహావిద్య (మ్యాథమెటికల్ ఇండక్షన్), మన ఇంటర్ కాలేజీల్లో మూడు మంత్రాలుగా వర్ధిల్లుతోంది. మంత్రంలో కె అంటే ఏదో ఒక సంఖ్య. ఒకటికి సత్యం. కె కి సత్యమనుకుందాం. కాబట్టి కె ప్లస్ ఒకటికీ సత్యం. 7 మార్కులు మీవే. మధ్యలో లెక్క గోదాట్లో కొట్టుకుపోయినా ఫర్వాలేదు, ఆఖరి లైను చుట్టూ డబ్బా మాత్రం గీయాలి.

ఇంత సులువైన విద్యను పరీక్షలకే వదిలేయడం పాపమనిపించి, మొన్న బ్యాంకులో ప్రయోగించాను.

"మొదటి ఈఎంఐ కట్టానా మేనేజర్ గారూ?"

"కట్టారు."

"సత్యం. కె వ నెలది కట్టాననుకుందాం."

"ఎందుకనుకోవాలండీ? మూడు నెలల నుంచి కట్టందే!"

"అనుకోండి సార్, మీ సొమ్మేం పోయింది! అప్పుడు కె ప్లస్ ఒకటో నెలదీ కట్టినట్టే. 240 నెలలూ తీరిపోయాయి. ఇంటి కాగితాలు ఇప్పించండి."

ఆయన నాకు మంచినీళ్లు తెప్పించాడు. వెనక లైన్లో ఉన్న పెద్దాయన మాత్రం "ఈ స్కీము గోల్డ్ లోనుకీ ఉందా బాబూ?" అని ఆశగా అడిగాడు.

మా మేనకోడలు క్లాసులో ఇదే అడిగింది. "నిరూపించాల్సిందాన్నే అనుకుంటే ఎలా సార్?" సారు జవాబు: "ఎందుకని పరీక్షలో అడగరమ్మా, రాసుకో."

దీపావళి సరం చూపిస్తే సరిపోయేది కదా! ఒక టపాకాయ పేలితే దాని పక్కది అంటుకుంటుందా, లేదా? తేల్చాల్సింది అదే. 'అనుకుందాం' అన్నది ఆ వత్తిని పరీక్షించడానికే. వత్తి సరిగ్గా ఉండి మొదటిదానికి నిప్పు తగిలితే, ఇక ఏదీ మిగలదు. పేరు చూసి మోసపోకండి, ఇది నాలుగు ఉదాహరణలు చూసి నమ్మే ఆగమనం కాదు, తర్కంతో మెట్టు మెట్టుగా తేల్చే పచ్చి నిగమనం. చూసి నమ్మితే ఏమవుతుందో కావాలా? ఎన్ వర్గానికి ఎన్ కలిపి, దానికి 41 కలపండి. ఎన్ సున్నా మొదలు 39 దాకా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే. 40 దగ్గర 1681 వస్తుంది. అంటే 41 ఇంటూ 41. నలభైసార్లు నిలబడింది, ఆ తర్వాతి అడుగులోనే బోర్లాపడింది. మధ్యలో వత్తి లేదు మరి.

ఆ పిల్ల అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. ఆ పాఠం మొత్తంలో అడగాల్సిన ప్రశ్నే అది. లక్షల్లో ఫీజులు గుంజి, తెల్లారి లేచింది మొదలు స్టడీ అవర్లని కూర్చోబెట్టి, క్లాసంతటిలో ఆలోచించిన ఒక్క పిల్ల నోరు మూయిస్తారా? సిగ్గు లేదూ?

ఇప్పుడది ఏమీ అడగడం లేదు. పోయిన వారం టెస్టులో 7కి 7 వచ్చాయి. పేపరు చూశాను. మధ్యలో రెండు లైన్లు లేనే లేవు. డబ్బా మాత్రం స్కేలు పెట్టి గీసింది.