పెన్నా వరద నెల్లూరు వానతో వచ్చింది కాదు

2021 నవంబర్ వానల మీద మీ వ్యాసం బాగుంది కానీ, పెన్నా వరదకు నెల్లూరులో పడ్డ వానే కారణమన్నట్టు రాశారు. వాయుగుండం 19న తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. అసలు దెబ్బ పైన, కడప జిల్లాలో కురిసిన వానది. పెన్నాలో కలిసే చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ పెన్నాలో కలిసి సోమశిల డ్యామ్ మీదుగా మన నెల్లూరు మీదికొచ్చాయి. వాతావరణం అంటే ఇష్టమున్న మా స్నేహితులందరం ఆ రాత్రి ఫోన్లలో సోమశిల ఔట్‌ఫ్లో, అంటే డ్యామ్ నుంచి కిందికి వదిలే నీళ్ల లెక్క, చూస్తూ కూర్చున్నాం. ఒకటే టెన్షన్. తెల్లారేసరికి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. కోవూరు దగ్గర హైవే కూడా తెగింది. దయచేసి వ్యాసంలో చెయ్యేరు సంగతి చేర్చండి సార్, రాజంపేట వైపు పోయిన ప్రాణాలు అందులోనే ఉన్నాయి.