సవరణ: హోప్ వజ్రం శాపం సంగతి

మొన్న రాసినదాంట్లో పెద్ద తప్పు ఉంది. హోప్ వజ్రం అనే పేరుమోసిన నీలి వజ్రాన్ని తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఒక విగ్రహం కంట్లోంచి పెరికాడని, ఆ శాపం తగిలి కుక్కలు పీక్కుతింటే చచ్చాడని రాశాను కదా, అది చదివి పర్లాకిమిడిలో మా పిన్ని వాళ్ళమ్మ ఇచ్చిన నీలం ఉంగరం తీసి బియ్యం డబ్బాలో పెట్టేసిందట. చాలా బాధేసింది. విగ్రహం కథకు ఆధారం లేదు. తావెర్నియే ఆ రాయిని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మి, ఎనభై దాటాక 1689లో రష్యాలో పోయాడు. శాపం కథను పెంచింది 20వ శతాబ్దం మొదట్లో పత్రికలే. 1958 నుంచి ఆ వజ్రం వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, లక్షల మంది చూస్తున్నారు. పిన్నీ, తప్పు నాదే, అమ్మమ్మ ఉంగరం పెట్టుకో.