కుదురుగా కూర్చున్నవారికే ప్రవేశం

మూడేళ్ల పిల్లలకు చదువు చెప్పడానికి యూనివర్సిటీ డిగ్రీ ఎందుకని అడిగేవారు లోకంలో చాలామందే ఉన్నారు. అలా అడిగేవారిలో ఎక్కువమంది, మూడేళ్ల పిల్లవాడితో ఒక మధ్యాహ్నం ఒంటరిగా గడపవలసి వచ్చినప్పుడు పదిహేనో నిమిషానికల్లా ఫోనులో బొమ్మలు పెట్టి వాడి చేతికిచ్చి ఊపిరి పీల్చుకున్నవారే కనుక, వారి అభిప్రాయాన్ని తగిన గౌరవంతో పక్కన పెడదాం. నేను యూనివర్సిటీల పక్షం. పూర్వ ప్రాథమిక విద్యలో డిగ్రీ చేయాలనుకున్న మా అన్నయ్య కూతురి పక్కన కూర్చుని, దరఖాస్తు వ్యవహారమంతా రెండు నెలల పాటు దగ్గరుండి చూశాను. ఆ అమ్మాయి టైపు చేసింది, నేను సలహాలిచ్చాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలసిపోయారన్నది ఇంకా తేలలేదు. తేలింది ఒక్కటే. చిన్నపిల్లల పట్ల ఏమేమి చేయకూడదని ఆ డిగ్రీ ఏళ్ల తరబడి నేర్పుతుందో, వాటన్నిటినీ దరఖాస్తుదారు మీద ముందుగానే ఒక్కొక్కటిగా చేసి చూపిస్తారు. చేయకూడనిదేమిటో ఒంటికి తగిలితే తప్ప మనసుకు పట్టదన్న లోతైన బోధనా సూత్రం ఇందులో ఉందని నా నమ్మకం.

కోర్సు వివరాల పుస్తకాన్నే తీసుకోండి. పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని, ఒక్కొక్కరి వేగం ఒక్కొక్క తీరుగా ఉంటుందని, ఒకరితో ఒకరిని పోల్చకూడదని, ఫలితం కన్నా ప్రయత్నం ముఖ్యమని, తప్పు చేసినవారికి మళ్లీ ప్రయత్నించే వీలు కల్పించాలని ఎడమ పేజీలో ఉంది. దరఖాస్తులను మార్కుల వరుసలో పేర్చి ఎంపిక చేస్తామని, గడువు రోజు సాయంత్రం అయిదు గంటల తర్వాత అందినవి స్వీకరించబడవని, ఒకసారి సమర్పించిన తర్వాత ఎట్టి మార్పులకూ అవకాశం లేదని కుడి పేజీలో ఉంది. రెంటికీ మధ్య ఒక రంగుల ఫోటో ఉంది. అందులో ఒక పాప మోచేతుల దాకా నీలిరంగు పూసుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆ ఫోటోను దరఖాస్తుకు జతచేస్తే తిరస్కరిస్తారు. వెనక తెల్లగోడ ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి, నవ్వకూడదు.

ఆ ఆన్‌లైన్ పోర్టల్ గురించి వేరే చెప్పాలి. ఏ గడి నింపినా అది ఎర్ర అక్షరాలతో 'చెల్లదు' అంటుంది. ఎందుకు చెల్లదో చెప్పదు, ఏం రాస్తే చెల్లుతుందో అసలే చెప్పదు. పిల్లలకు 'పరిగెత్తకు' అని చెప్పి ఊరుకోకూడదనీ, 'ఇక్కడ మెల్లగా నడుద్దాం' అని చేయవలసిన పనిని చెప్పాలనీ ఈ కోర్సులో మొదట్లోనే నేర్పుతారట. పోర్టల్‌ను తయారుచేసినవారు ఆ కోర్సు చదివి ఉండరు. కాస్త ఆలోచించుకుందామని ఇరవై నిమిషాలు ఆగితే అది మనల్ని బయటికి గెంటి, నింపినదంతా చెరిపేస్తుంది. మూడోసారి గెంటినప్పుడు మా అమ్మాయి నేల మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది. కోర్సు పుస్తకం ప్రకారం అలాంటి సమయంలో పెద్దవాళ్లు పక్కన కూర్చుని, ఆ భావోద్వేగానికి ఒక పేరు పెట్టి, మౌనంగా తోడుండాలి. నేను, "సేవ్ నొక్కమని ఇందాకే చెప్పానా లేదా?" అన్నాను.

ఇక 'నేను ఈ కోర్సును ఎందుకు ఎంచుకున్నాను' అన్న స్వవివరణ. పరిమితి అయిదు వందల పదాలు. ఈ వ్యాసాల మొదటి వాక్యం లోకమంతటా ఒక్కటేనని నా అనుమానం: 'నాకు చిన్నప్పటి నుంచీ పిల్లలంటే ఎంతో ఇష్టం.' చిన్నప్పుడు మనమే పిల్లలం కనుక, ఈ వాక్యాన్ని తర్కదృష్టితో చూస్తే, 'నాకు నా ఈడువాళ్లంటే ఇష్టంగా ఉండేది' అన్న అర్థమే వస్తుంది. అయినా దాన్ని ఎవరూ ప్రశ్నించరు. మా అమ్మాయి అది రాయనంది. తన మొదటి చిత్తుప్రతి ఇలా మొదలయింది: 'నాకు నాలుగేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. వాణ్ణి తిరిగి తీసుకోమని నర్సును అడిగాను. ఆవిడ నవ్వలేదు. నా ఎత్తుకు వంగి, రాత్రికి ఆలోచించుకుని చెప్పమంది. నేను రాత్రంతా ఆలోచించాను.' చదివి, పెద్దవాడిగా నా బాధ్యత నేను నెరవేర్చాను. ఆ అయిదు వాక్యాలూ కొట్టేయించి, వాటి స్థానంలో 'శిశువు సమగ్ర వికాసంలో తొలి సంవత్సరాల కీలక పాత్రను గుర్తెరిగి' అని మొదలయ్యే ఒక వాక్యం రాయించాను. అది ముగిసేసరికి నలభై మూడు పదాలు ఖర్చయ్యాయి. చివరి ప్రతిలో 'శిశుకేంద్రిత' అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. శిశువు మాత్రం ఒక్కరూ కనబడలేదు. అది చాలా బాగుందని ఇంట్లో అందరూ అన్నారు.

'మిమ్మల్ని ప్రభావితం చేసిన విద్యావేత్త' అన్న గడి దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. ఆ గడిలో రాయదగిన మహానుభావులు ఇదే దరఖాస్తు నింపి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఫ్రోబెల్‌తోనే మొదలుపెడదాం. చిన్నపిల్లల బడికి 'కిండర్‌గార్టెన్' అని 1840లో పేరు పెట్టింది ఆయనే. అంతకు మూడేళ్ల ముందు, 1837లో, జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో తన సంస్థను ఆరంభించాడు. విద్యార్హత గడి: మొదట అడవుల పని నేర్చుకోవడానికి ఒకరి దగ్గర చేరాడు, ఆ తర్వాత జెనా యూనివర్సిటీకి వెళ్లి అప్పుల పాలై, విద్యార్థుల చెరసాలలో కొన్ని వారాలు ఉండి, పట్టా లేకుండా ఇంటికి వచ్చాడు. పోలీసు ధ్రువపత్రం గడి ఇంకా ఇబ్బందికరం. 1851లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లు నాస్తికత్వాన్నీ సోషలిజాన్నీ నూరిపోస్తున్నాయని వాటిని నిషేధించింది. ఆయన అన్న కొడుకు రాసినదాన్ని ఆయనకు అంటగట్టడం వల్ల జరిగిన పొరపాటది. మరుసటి ఏడే ఫ్రోబెల్ కన్నుమూశాడు. నిషేధం ఎత్తేసింది 1860లో. 'మీపై ఏవైనా చర్యలు తీసుకోబడ్డాయా? అవును అయితే వివరించండి' అన్న చోట ఆ గడిలో ఎన్ని అక్షరాలు పడతాయో నేను లెక్కపెట్టాను. రెండు వందల యాభై.

పియాజె సంగతి మరీ దయనీయం. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి ఏ క్లాసులో ఎవరు నోరు విప్పినా ఆయన పేరు రాక తప్పదు. అయితే 1918లో ఆయన డాక్టరేట్ తీసుకున్నది నత్తల మీద. అంతకుముందు 1907లో, ఇంకా బాలుడిగా ఉండగానే, తెల్లపిచ్చుక ఒకటి కనబడితే దాని గురించి చిన్న వ్యాసం అచ్చువేయించాడు. పక్షులతో అనుభవం ఉంది, నత్తలతో పుష్కలంగా ఉంది, మరి శిశువులతో? తన ముగ్గురు పిల్లలనూ పుట్టినప్పటి నుంచి కనిపెట్టి చూస్తూ రాసుకున్న నోట్సే ఆయనకు గొప్ప ఆధారం. మా దరఖాస్తులో అడుగున సన్నని అక్షరాల్లో ఒక నిబంధన ఉంది: సొంత పిల్లలతో గానీ బంధువుల పిల్లలతో గానీ గడిపిన సమయం అనుభవంగా లెక్కించబడదు. పియాజె వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించవచ్చు.

పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ న్యాయశాస్త్రం చదివాడు. అదే రంగంలోని ఎరిక్సన్‌కు మాంటిస్సోరి బోధనలో డిప్లొమా ఉంది కానీ యూనివర్సిటీ డిగ్రీయే లేదు. మాంటిస్సోరిని మాత్రం ఏమీ అనలేం, ఆవిడ డాక్టరు. 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో ఆవిడ 'పిల్లల ఇల్లు' అనే బడి తెరిచింది. ఇంత చదువుకున్నావిడ చిన్నపిల్లల దగ్గరికి ఎందుకొస్తోందని ఇంటర్వ్యూలో అనుమానించే అవకాశం మాత్రం ఉంది.

ఆ అనుమానానికి మూలం జీతంలో ఉంది. చాలా దేశాల్లో టీచర్ల జీతం విద్యార్థుల ఎత్తును బట్టి పెరుగుతుంది. గడ్డాలొచ్చిన విద్యార్థికి పాఠం చెప్పేవారికి ఎక్కువ, ముక్కు తుడవవలసిన విద్యార్థికి పాఠం చెప్పేవారికి తక్కువ. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో 123 మంది పేద పిల్లలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వారిలో కొందరికి మంచి ప్రీస్కూల్ అందించి, మిగిలినవారికి అందించకుండా, పెద్దయ్యేదాకా ఇరువర్గాలనూ గమనిస్తూ వచ్చారు. 2000లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు లెక్కలు కట్టి, ఆ బడి మీద పెట్టిన పెట్టుబడి సమాజానికి ఏడాదికి 7 నుంచి 10 శాతం చొప్పున తిరిగి వచ్చిందని తేల్చారు. ఆ రాబడికి ఖజానా చిరునామా తెలుసు, పోలీసు శాఖ చిరునామా తెలుసు, యజమానుల చిరునామాలన్నీ తెలుసు. టీచరు ఇల్లే ఇంకా దొరకలేదు. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాను. "తెలుసు బాబాయ్," అని మళ్లీ టైపు చేయసాగింది. ఈ తరానికి లెక్కలు రావని అందుకే అంటారు.

దరఖాస్తుకు అరవై గంటల అనుభవం కావాలి. అందుకని మా అమ్మాయి ఒక ప్రీస్కూల్‌లో పొద్దున పూట సహాయకురాలిగా చేరింది. అక్కడి టీచరమ్మ దాని చేతికి ఒక నోటుపుస్తకమిచ్చి, ఒక పిల్లవాణ్ణి పావుగంట చూసి, చూసింది మాత్రమే రాయమన్నారు. మొదటి రోజు మా అమ్మాయి ఇలా రాసింది: '10.12. ఎర్ర చొక్కా అబ్బాయి ఏడు చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఎనిమిదోది పెట్టగానే పడిపోయాయి. బాధపడ్డాడు.' టీచరమ్మ చివరి మాట కింద గీత గీసి, 'ఎలా తెలుసు?' అని రాశారు. రెండో రోజు: '10.20. దిమ్మెలు పడిపోయాయి. నా వైపు చూశాడు. ఒక దిమ్మెను నోట్లో పెట్టుకుని తీశాడు. దాన్ని అన్నిటికంటే అడుగున పెట్టాడు.' ఈసారి గీత లేదు. నా వృత్తిలో, అంటే అభిప్రాయాలు రాసే వృత్తిలో, ఈ పద్ధతి అమలైతే మా కుటుంబం ఆకలితో పడుకోవలసి వస్తుంది.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం దాని సంచిలోనే ఉంది. అక్కడ నలుగురు అభ్యర్థులకు పాత వార్తాపత్రికలు, ఒక టేపు చుట్ట ఇచ్చి, పది నిమిషాల్లో కలిసికట్టుగా ఒక గోపురం కట్టమన్నారట. పిల్లల ఆటలో ఎవరు ఎవరితో ఎంతవరకు కలుస్తారన్నదాన్ని మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో ఆరు రకాలుగా విడదీసింది: ఏమీ చేయకపోవడం, ఒంటరిగా ఆడటం, పక్కనుంచి చూస్తూ ఉండటం, పక్కపక్కనే ఎవరి ఆట వారు ఆడటం, ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, కలిసి ఒక పనిగా ఆడటం. సీటు కోసం వచ్చిన నలుగురూ ఒకే టేపు చుట్టను మర్యాదగా లాక్కుంటూ, నాలుగో రకం దగ్గరే ఆగిపోయి, నాలుగు గోపురాలు కట్టారు. మూడో రకాన్ని ఎంపిక సంఘం నిర్వహించింది. తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి రాసుకున్నదాన్ని దాని అనుమతితోనే ఇక్కడ ఇస్తున్నాను: '11.05. మధ్యలో కూర్చున్న మేడమ్ గడియారం చూశారు. కాగితం మీద ఏదో రాశారు. కలం మూతను కొరికారు. 11.07. మళ్లీ గడియారం చూశారు.' ఆవిడ విసుగుచెందారని అది ఎక్కడా రాయలేదు.

"అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని వారు అడిగారట. నిజమైన జవాబు 'నేల మీద.' ఈ వృత్తిలో ఉన్నవారు ఎక్కువసేపు కూర్చునేది అక్కడే. నేను ముందుగా తయారుచేయించాను కనుక, "నాయకత్వ బాధ్యతల్లో" అని చెప్పింది.

మిగిలినవి సిఫారసు లేఖలు. రెండు కావాలి, అభ్యర్థిని కనీసం ఏడాదిగా వృత్తిపరంగా ఎరిగినవారు, పదవి ముద్రించిన కాగితం మీద రాయాలి. ఒకటి కాలేజీ లెక్చరర్ ఇచ్చారు. అందులో మా అమ్మాయి పేరు ఉండవలసిన చోట వేరొకరి పేరుంటే దిద్దించుకుని వచ్చాం. రెండోది ఒక పరిచయస్తుడి నుంచి సంపాదించాను. ఆ తర్వాత కూడా 'అదనపు పత్రాలు' అన్న గడి ఒకటి ఖాళీగా మిగిలింది. దానికి మా అమ్మాయి తనంతట తానే ఒక కాగితం తెచ్చింది. ఎర్ర చొక్కా అబ్బాయి అందులో మా అమ్మాయి బొమ్మ గీశాడు. ఒక పెద్ద గుండ్రం, లోపల రెండు కళ్లు, గుండ్రం కింది నుంచే నేరుగా దిగిన రెండు పొడవాటి కాళ్లు, ఒళ్లు లేదు. మూడు నాలుగేళ్ల వయసులో మనుషుల్ని అలాగే గీస్తారని, ఆ కాగితం నేను తలకిందులుగా పట్టుకున్నానని అది చెప్పింది. ఈ కాళ్లు ఎందుకింత పొడవుగా ఉన్నాయని అడిగితే, నేల మీద చాపుకుని కూర్చున్నప్పటివట.

స్కాన్ చేస్తే ఫైలు నాలుగు ఎంబీలు వచ్చింది. పోర్టల్ రెండు ఎంబీలకు మించి తీసుకోదు. గడువుకు ఇంకా నలభై నిమిషాలుంది కనుక కత్తిరించి చూశాం. కాళ్లు తీసేస్తే పడుతోంది.