సవరణ: హీటర్ కంట్రోలర్‌కి ఏ ప్రోబ్ పడితే ఆ ప్రోబ్ పనికిరాదు

అక్వేరియం హీటర్ కంట్రోలర్‌కి నీటి వేడి కొలిచే ప్రోబ్ పాడైతే "రెండు వైర్లున్న నల్ల ప్రోబ్ ఏదైనా బిగించేయండి, వైర్లు ఎటు బిగించినా ఒకటే" అని మొన్న విజయనగరం మిత్రుల కోసం రాశాను. ఏ ప్రోబైనా సరేనన్నది తప్పు. కంట్రోలర్ మాన్యువల్, థర్మిస్టర్ (ప్రోబ్ లోపల ఉండే, వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే భాగం) రెసిస్టెన్స్ పట్టిక పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది.

25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపే ప్రోబ్‌లున్నాయి, 5 చూపేవీ ఉన్నాయి. పైకి అచ్చం ఒకేలా ఉంటాయి. 10ది కావాల్సిన చోట 5ది పెడితే 25 డిగ్రీల నీళ్లని కంట్రోలర్ 44 అనుకుంటుంది, హీటర్ వెలగనే వెలగదు. 5 ఉండాల్సిన చోట 10ది పెడితే మరీ ప్రమాదం. నీళ్లు 8 డిగ్రీలే అనుకుని హీటర్‌ని ఆపదు, చేపలు ఉడికిపోతాయి.

ముందు మాన్యువల్‌లో ఏ విలువ రాశారో చూడండి. కొత్త ప్రోబ్‌ని బిగించకముందే మల్టీమీటర్ 20కె (20 కిలో ఓమ్స్) రేంజ్‌లో కొలవండి. గది 30 డిగ్రీలుంటే 10ది 8 పైచిలుకు, 5ది 4 పైచిలుకు చూపాలి. ప్రోబ్ కొసని వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుంటే అంకె మెల్లగా దిగాలి. బీటా విలువ (వేడిని బట్టి రెసిస్టెన్స్ ఎంత చురుగ్గా మారుతుందో చెప్పే అంకె) కూడా కలవాలి: 3435 అడిగే కంట్రోలర్‌కి 3950ది పెడితే చలికాలం 18 డిగ్రీల నీళ్లు 17గా కనిపిస్తాయి.

వైర్లు ఎటు బిగించినా ఒకటేనన్న మాట మాత్రం సరైనదే. అతుకు నీటిమట్టానికి పైనే ఉండాలి. చెమ్మ చేరితే రెసిస్టెన్స్ పడిపోయి లేని వేడి చూపిస్తుంది.