నియమాన్ని మార్చి ఖైదీలను నిలబెట్టిన స్టాక్‌డేల్

యుద్ధఖైదీ అనగానే ఎంత హింసించినా నోరు విప్పని వీరుడే మనకు గుర్తొస్తాడు. అమెరికా నౌకాదళ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్ గురించి కూడా ఎక్కువమంది అలాగే రాస్తారు. నాకు మాత్రం ఆయన గొప్పతనం మరోచోట కనిపిస్తుంది. మనిషి ఒళ్లు ఎంతవరకు ఓర్చుకోగలదో నిజాయితీగా ఒప్పుకుని, దానికి తగ్గట్టు ఆదేశాలిచ్చిన అధికారి ఆయన.

1965 సెప్టెంబర్ 9న ఉత్తర వియత్నాంలో ఆయన విమానాన్ని కూల్చేశారు. పారాచూట్‌తో దిగగానే జనం చితకబాదారు. అప్పుడు విరిగిన కాలు మళ్లీ మామూలుగా కాలేదు. ఏడున్నరేళ్లు బందీగా ఉన్నారు, ఎక్కువ కాలం హనోయ్‌లోని ‘హోవా లో’ అనే జైల్లోనే. అందులో నాలుగేళ్లు ఒంటరి నిర్బంధం.

అప్పటి అమెరికా సైనిక నియమావళి ప్రకారం పట్టుబడినవాడు చెప్పాల్సింది పేరు, హోదా, సర్వీస్ నంబర్, పుట్టిన తేదీ మాత్రమే. కానీ హనోయ్‌లో చేతులు వెనక్కి విరిచి తాళ్లతో బిగించేవారు. ఆ నొప్పికి దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు లొంగారు, స్టాక్‌డేల్‌తో సహా. అసలు ప్రమాదం ఆ తర్వాతే మొదలయ్యేది. దేశానికి ద్రోహం చేశానన్న సిగ్గుతో ఖైదీ తోటివాళ్లకు మొహం చూపించలేక ముడుచుకుపోయేవాడు. జైలు అధికారులకు కావాల్సిందీ అదే.

స్టాక్‌డేల్ గోడలు తట్టే కోడ్‌లో కొత్త ఆదేశాలు పంపారు. జనం ముందు తల వంచొద్దు. రేడియోలో మాట్లాడొద్దు. నేరం ఒప్పుకోవద్దు. విడుదలై వెళ్లేటప్పుడు జైలు వాళ్లను మెచ్చుకోవద్దు. నీకంటే తోటివాళ్లే ముఖ్యం. ఇవన్నీ మనిషి నిజంగా పాటించడానికి ప్రయత్నించగలిగేవి. ఒకరోజు ఓడిపోయినవాడు మర్నాడు మళ్లీ పోరాటంలోకి రావచ్చు. నాయకత్వం అంటే నాకు ఇదే.

తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన సడలింపు ఇచ్చుకోలేదు. ప్రచార ఫిల్ములో చూపిస్తారని తెలిసి తల చర్మాన్ని బ్లేడుతో కోసుకున్నారు. టోపీ పెట్టి ఫిల్ము తీస్తామంటే స్టూలుతో మొహం వాచిపోయేలా కొట్టుకున్నారు. ఆయనకు ఇంకో టెన్షన్ కూడా ఉండేది. 1964 ఆగస్ట్ 4 రాత్రి ఉత్తర వియత్నాం తీరంలోని టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకలపై దాడి జరిగిందని చెప్పి యుద్ధాన్ని పెంచారు. ఆ రాత్రి అక్కడ విమానంలో తిరిగిన స్టాక్‌డేల్‌కు శత్రువుల పడవ ఒక్కటీ కనిపించలేదు. హింసకు తట్టుకోలేక ఆ మాట ఎక్కడ బయటపెట్టేస్తానోనని భయపడ్డారు. జైల్లో ఉన్నన్నాళ్లూ బయటపెట్టలేదు.

1973 ఫిబ్రవరిలో విడుదలయ్యారు, 1976లో అమెరికా అత్యున్నత సైనిక పతకం అందుకున్నారు. 1992లో ఉపాధ్యక్ష అభ్యర్థిగా టీవీ చర్చలో తడబడితే దేశమంతా నవ్వింది. ఆ నవ్వు చాలా అన్యాయం. పతకం కన్నా నాకు ముఖ్యంగా అనిపించేది 1977లో జరిగిన మార్పు. హనోయ్ ఖైదీల అనుభవం చూశాక, నాలుగు వివరాలకు మించి ఒక్క మాటా చెప్పకూడదన్నట్టుగా ఉన్న ఆ నిబంధనను అమెరికా సవరించింది. గోడల మీద తట్టి స్టాక్‌డేల్ పదేళ్ల ముందు చెప్పిందీ దాదాపు అదే.