మెట్ల మలుపులో పోకర్ టేబుల్

డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో వైపు కట్టే ఇళ్లలో మేడ మీద ఒక గది ఉంటుంది, బిల్డర్ కాగితాల్లో దాని పేరు గేమ్ రూమ్. మనవాళ్ల ఇళ్లలో ఆ గదిలో ఆట తప్ప అన్నీ ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన ఖాళీ సూట్‌కేసులు, బట్టలు ఆరేసుకునే ట్రెడ్‌మిల్, అత్తగారు వచ్చినప్పుడు గాలి కొట్టి పరిచే పరుపు, ఇంకా ఎవరో ఎప్పుడో కొన్న క్యారమ్స్ బోర్డు, అందులో స్ట్రైకర్ ఉండదు. మా బావ ఇల్లూ అంతే. కాకపోతే మా బావకి ఆ గది పేరు సార్థకం చెయ్యాలని ఒక పట్టుదల.

శనివారం రాత్రుళ్లు బావ ఇంట్లో పేకాట మామూలే. మొదట్లో రమ్మీనే. రెండు పేకలు కలిపి, దుప్పటి పరిచి, పదమూడు ముక్కలు పంచుకుని, డ్రాపా, మిడిల్ డ్రాపా అని కొట్టుకుంటూ ఆడేవాళ్లం. తర్వాత బావ ఆఫీసు కుర్రాడొకడు హోల్డెమ్ అనే పోకర్ ఆట తెచ్చి పెట్టాడు. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు, అంతే ఆట. పదమూడు పట్టుకున్న చేతికి రెండు ముక్కలు ఏ మూలకి వస్తాయి చెప్పండి. విజయనగరం బాబాయి అయితే (కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చారు) మొదటి రోజు చాలాసేపు మిగతా పదకొండూ ఎప్పుడు వేస్తారా అని ఎదురు చూశారు. కానీ ఒకసారి అలవాటయ్యాక మళ్లీ రమ్మీ మొహం చూసినవాడు లేడు. హోల్డెమ్‌లో ఒక సుఖం ఉంది, చేతిలో ఏమీ లేకపోయినా గెలవొచ్చు, మొహం ఒక్కటి బిగించి కూర్చోవాలంతే.

చిక్కల్లా కూర్చోడంతోనే. నలభై దాటాక బాసింపట్టు వేసుకుని కూర్చోవడం తేలికే, లేవడమే టెన్షన్. అందుకని దుప్పటి వదిలేసి అక్కయ్య డైనింగ్ టేబుల్ మీదకి మారాం. దాని పైభాగమంతా అద్దమే. అద్దం మీద ముక్క పంచితే ఆగదు, జారి అవతలివాడి ఒళ్లో పడుతుంది. అది సర్దుకోవచ్చు. అసలు సంగతి ఒక రాత్రి బయటపడింది. బావ పెద్ద మొత్తం ముందుకి తోసి, మొహం గంభీరంగా పెట్టి, గుంటూరాయన ముక్కలు పారేసే దాకా వచ్చాడు. అప్పుడు టేబుల్ కింద నుంచి మా మేనకోడలు గొంతు.

"డాడీ, నీ దగ్గర ఏమీ లేదుగా, అన్ని ఎందుకు పెట్టావ్?"

పిల్ల టాబ్లెట్ పట్టుకుని కింద పడుకుని ఉంది. బోర్లా పెట్టిన ముక్కలన్నీ అద్దంలోంచి దానికి వెల్లకిలా కనబడుతున్నాయి. ఎన్ని వారాలుగా చూస్తోందో దేవుడికే తెలియాలి. గుంటూరాయన ఆ పందెం గెలిచి, పిల్లకి అయిదు డాలర్లు ఇచ్చి, వచ్చే వారం కూడా అక్కడే పడుకోమ్మా అన్నాడు.

ఆ రాత్రే బావ పోకర్ టేబుల్ కొనాలని తీర్మానించాడు. అక్కయ్యని ఒప్పించడానికి చరిత్ర ఎత్తుకున్నాడు. "ఇది ఈ రాష్ట్రం ఆటే, టెక్సస్ హోల్డెమ్ పుట్టింది రాబ్స్‌టౌన్‌లో అని 2007లో ఇక్కడి చట్టసభే తీర్మానం చేసింది, మనం వచ్చిన చోటు సంప్రదాయం మనం గౌరవించొద్దూ?" అక్కయ్య మిరపకాయల గింజలు తీస్తూ తల ఎత్తకుండానే, "ఎద్దుల మీద స్వారీ కూడా ఇక్కడి సంప్రదాయమేనండీ, అదీ మొదలెట్టండి" అంది. ఆ తర్వాత, టేబుల్ కొనాలంటే బజ్జీకి డాలర్ చొప్పున తనకి కట్టాలని పేచీ పెట్టింది. ఆఫీసు కుర్రాడికి చట్టం బాగా తెలుసు. టెక్సస్‌లో ఇంట్లో నలుగురూ కూర్చుని డబ్బుకి ఆడితే కేసు నిలవకుండా ఉండాలంటే, అది బయటివాళ్లు రాని చోటు అయి ఉండాలి, అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉండాలి, గెల్చుకున్నది తప్ప ఎవరికీ వేరే ఆదాయం రాకూడదు. ఇల్లుగలవాళ్లు కమీషన్ తీస్తే తప్పు. వాడు ఇదంతా వివరంగా చెప్పాడు. "అయితే నేరం నాకెందుకు, బజ్జీలే మానేస్తా" అంది అక్కయ్య. చర్చ అక్కడితో ఆగింది, టేబుల్‌కి అనుమతీ వచ్చింది, బజ్జీలు ఉచితంగానే కొనసాగాయి.

ఇక బావ ఎక్సెల్ తెరిచాడు. టేబుళ్లలో మూడు రకాలని తేలింది. ఒకటి టాపర్, అంటే కాళ్లు లేని పైభాగం, ఉన్న టేబుల్ మీద పరిచి ఆట అయ్యాక మడిచి గోడకి ఆనించడమే, వంద డాలర్ల లోపు కూడా దొరుకుతుంది. రెండోది మడత కాళ్లది, కొన్ని వందలు. మూడోది చెక్కతో చేసిన ఖరీదైన సామాను, పైన మూత వేస్తే భోజనాల బల్ల, తీస్తే జూదశాల, ధర వేలల్లో. మూడోదాన్ని బావ ఫోటో చూసి నిట్టూర్చి వదిలేశాడు. ఆపైన గుడ్డ సంగతి. మామూలు ఫెల్ట్ నీళ్లు పీలుస్తుంది, మరక పడితే పోదు. స్పీడ్ క్లాత్ అని ఒకటుంది, పాలిస్టర్, ముక్కలు హాయిగా జారతాయి, నీళ్లు పడితే పైనే నిలుస్తాయి, తుడిచేసుకోవచ్చు. చేతులు ఆనించే మెత్తటి అంచుని రెయిల్ అంటారు, చౌక రకాల్లో పైన వేసిన రెక్సిన్ తొందరగా పొరలు పొరలుగా ఊడుతుంది, మోచేతికి నల్లగా అంటుకుంటుంది. ఇవన్నీ చూసుకోవాల్సినవే, నేను కాదనను. కానీ బావ లెక్క వేరు. ధరని సీట్లతో భాగించాడు. ఎనిమిది మంది టేబుల్ కంటే పది మందిదే సీటుకి చౌక పడింది. మా గుంపులో నికరంగా వచ్చేది ఆరుగురు. మిగిలిన నాలుగు సీట్లు ఎవరి కోసం అంటే "గ్రోత్" అన్నాడు.

అంచు వెంట ఒక్కో మనిషికి రెండడుగులు వస్తాయని చెప్పారు. మన ఒడ్డూ పొడుగూ, ముఖ్యంగా మన మధ్యప్రదేశ్ చూసుకుంటే రెండడుగులు చాలవు, పది మంది టేబుల్ అంటే మనవాళ్లు ఏడుగురు.

చివరికి ప్లేనోలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత టేబుల్ అమ్మకానికి పెట్టారు. 180 డాలర్లు. కోడిగుడ్డు ఆకారం, ఎనిమిదడుగుల పొడవు, మూడున్నర అడుగులు దాటి వెడల్పు, స్పీడ్ క్లాత్, పది స్టీలు కప్ హోల్డర్లు. మడుస్తుందా అని బావ ఫోన్‌లో అడిగాడు, మడుస్తుందన్నారు. తీరా వెళ్తే మడిచేది కాళ్లు, పైభాగం ఏకశిల. అప్పటికే ట్రక్కు అద్దెకి తీసుకుని ఉన్నాం, గంటల లెక్కన అద్దె పెరుగుతోంది. ఎక్కించేశాం.

ఇంటికొచ్చాక బావ, ఆఫీసు కుర్రాడు ముందు పట్టుకుని మెట్లు ఎక్కారు, నేనూ గుంటూరాయనా కింద నుంచి మోస్తున్నాం. బాబాయి అందరికంటే ముందు పైకి వెళ్లి నిలబడి "కుడికి, ఇంకొంచెం కుడికి, నా కుడి కాదు మీ కుడి" అని నడిపిస్తున్నారు. మెట్లు సగం ఎక్కాక రెండు గోడల మధ్య ఒక మలుపు ఉంది. అక్కడ నిలబెట్టాం, పడుకోబెట్టాం, ఏటవాలుగా తిప్పాం. ఏ భంగిమలో ఉండగా బిగిసిందో తెలియదు గానీ బిగిసింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. గోడకి ఒక అర్ధచంద్రం గీత పడింది. అక్కయ్య వచ్చి టేబుల్ని చూడలేదు, ఆ గీతని చూసింది, మా నలుగురినీ వరసగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

పైన ముగ్గురు, కింద ఇద్దరం, మధ్యలో టేబుల్. మేడ మీద వంటిల్లు లేదు. నూనెలో మిర్చి బజ్జీలు వేగుతున్న వాసన మాత్రం పైకి వెళ్తోంది, దానికి మలుపు అడ్డం కాదుగా. కాసేపటికి బాబాయి గొంతు వినిపించింది. "మరి మాకో?"

అప్పుడు గుంటూరాయన బుర్ర పనిచేసింది. కప్ హోల్డర్ అంటే ఒక కంతలో దింపిన స్టీలు కప్పు, అంతే. పైవాళ్లు వెనక నుంచి గుద్దితే కప్పు ఊడి మా వైపు పడింది, కంత మిగిలింది, బజ్జీ ఒకటొకటిగా దూరే సైజు. నేను ఇటు నుంచి అందిస్తున్నాను, అటు నుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంటోంది. ఎవరి చెయ్యో తెలియదు, కానీ వరసగా మూడుసార్లు అదే ఉంగరం వచ్చిందని గుర్తుపట్టి, "బాబాయ్, మిగతావాళ్లకి కూడా ఇవ్వండి" అన్నాను. ఉల్లిపాయ నిమ్మకాయ పెట్టినవి కావాలన్నారు, పంపాం. టీ అడిగారు. ఏటవాలు కంతలోంచి టీ ఎలా పంపుతారండీ. స్పీడ్ క్లాత్ మీద నీళ్లు ఇంకవని అన్నారు గానీ నూనె సంగతి ఎవరూ చెప్పలేదు, ఆ కంత చుట్టూ జానెడు మేర పసుపుపచ్చ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఈలోగా ఆఫీసు కుర్రాడు పైన కూర్చుని ఫోన్‌లో వీడియోలు వెతికి, రెయిల్‌ని అడుగు నుంచి బోల్టులతో బిగిస్తారని, అవి విప్పితే చుట్టూ నాలుగైదు అంగుళాలు తగ్గుతుందని కనిపెట్టాడు. అడుగుభాగం వాళ్ల వైపే ఉంది. పనిముట్లు గరాజ్‌లో ఉన్నాయి. రెంచి కూడా ఆ కంతలోంచే వెళ్లింది, బజ్జీ నూనె తగిలి బావ చేతిలోంచి జారి బాబాయి కాలి మీద పడింది, ఆయన అన్నమాట ఇక్కడ రాయను. మొత్తానికి రెయిల్ ఊడింది, టేబుల్ కదిలింది. "పైకా, కిందకా?" అని అక్కయ్య అడిగింది. ఆమె చేతిలో గరిటె ఉంది. అందరం ఒక్క గొంతుతో కిందకే అన్నాం.

గరాజ్‌లో వేశారు. ఆగస్టులో డల్లాస్ గరాజ్‌లో రాత్రి తొమ్మిదికి కూడా గంటసేపు ఆడటం మనిషి వల్ల అయ్యే పని కాదు, చెమటకి ముక్కలు చేతికి అంటుకుంటాయి. ఆ పైన కప్ హోల్డర్లు. అవి డబ్బాలకీ సీసాలకీ చేసినవి, పిడి ఉన్న కప్పు దిగదు, చిన్న స్టీలు గ్లాసు దిగితే అంచుదాకా దిగి తిరిగి రాదు. వేడి మజ్జిగ పులుసు తప్ప అన్నీ అందులో పోసి చూశారు. రెండు వారాలకే బావ నోరు మూసుకుని ఒక టాపర్ తెప్పించాడు, 70 డాలర్లు, అద్దం మీద పరిస్తే సరిపోయింది, మేనకోడలి ఆదాయం పోయింది. నన్నడిగితే ఎనిమిది మంది లోపు ఆడే ఇంటికి అంతకు మించి అక్కర్లేదు, మిగిలిన డబ్బుతో రెండు ప్లాస్టిక్ పేకలు కొనుక్కోండి, బజ్జీ చేతులతో ఆడినా కడుక్కోవచ్చు.

పెద్ద టేబుల్ మీద అక్కయ్య నాలుగు రోజులు గుమ్మడి వడియాలు ఎండబెట్టింది (గరాజ్ తలుపు తీసి, కాటన్ చీర పరిచి). ఆ తర్వాత బావ దాన్ని 200కి అమ్మకానికి పెట్టాడు. కొన్నదానికంటే 20 ఎక్కువ ఎందుకంటే అదనపు కంత ఉందిగా అన్నాడు. మొన్న ఆదివారం మెకిన్నీ నుంచి ఒకాయన వచ్చాడు, మనాయనే, కారు మీద తాడు, జేబులో కొలతల టేపు. టేబుల్ చుట్టూ తిరిగాడు, మచ్చ దగ్గర ఆగాడు, వంగి వాసన కూడా చూశాడు.

"మా గేమ్ రూమ్ మేడ మీదండీ. మెట్లు ఎక్కుతుందంటారా?"

బావ మొహంలో ఒక్క నరం కదల్లేదు. "మా ఇంట్లో ఎక్కిన టేబులేనండీ ఇది."

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వంటింట్లోంచి అక్కయ్య దగ్గు వినిపించింది. పిల్ల గరాజ్ గుమ్మంలోకి వచ్చి నోరు తెరవబోతుంటే గుంటూరాయన జేబులోంచి అయిదు డాలర్ల నోటు తీశాడు.